ఆమె పక్క కుర్చీలో

ఉదయం ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకు పాపటోయిటోయి స్టేషన్ బయట మా ఆఫీసులోనే పనిచేసే ఆంటీ కారు వచ్చి ఆగింది. రోజూ దాదాపు ఆ వేళకే వచ్చేది. నేను టకానినిలో రైలెక్కి అక్కడ దిగేవాణ్ణి. అక్కడినుంచి మా ఆఫీసుకి కారులో పది నిమిషాలు. బస్సులో వెళ్ళాలంటే మధ్యలో దిగి ఇంకోటి ఎక్కాలి. నేను ఉద్యోగంలో చేరిన రెండో వారంలోనే ఆమె ఈ ఏర్పాటు చేసింది. "నా ఇల్లు ఇక్కడే బాబు. నా దారి అదే. ఊరికే ఎందుకు తిరుగుతావు?" అంది.

ఆ రోజు నేను కూర్చుని బెల్టు పెట్టుకున్నాక కూడా ఆమె కారు కదిలించలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాయితం తీసి నా చేతిలో పెట్టింది.

"మూడు సార్లు చదివాను. నువ్వు చదువు. చదివి నాకు చెప్పు."

ఆఫీసు ఉత్తరం. గురువారం పదింటికి సమావేశం. కొన్ని దరఖాస్తులను ఆమె కావాలని ముందుకు పంపకుండా ఉంచారన్న ఆరోపణ మీద విచారణ. దీని ఫలితం హెచ్చరిక కావచ్చు, ఉద్యోగం పోవడం కూడా కావచ్చు. చివరి వాక్యంలో, మీరు కోరుకుంటే తోడుగా ఒక మనిషిని వెంట తెచ్చుకోవచ్చు అని ఉంది. ఈ దేశంలో ఉద్యోగిని ఇలాంటి సమావేశానికి పిలిస్తే పక్కన ఒకరిని కూర్చోబెట్టుకునే హక్కు ఉంటుంది.

"నువ్వు రా బాబు," అంది ఆంటీ. "నువ్వు విన్నావు కదా."

నేను విన్నాను. అందుకే నా చేతులు చల్లబడ్డాయి.

ఆమె పుట్టింది ఫిజీలో. ఆమె తాతముత్తాతలు చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. ఏ ఊరినుంచి వెళ్ళారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుగు ఆమెకి నాయనమ్మ దగ్గర వచ్చింది. మిగతా ఇల్లంతా ఫిజీ హిందీ, బయట ఇంగ్లీషు. నాయనమ్మ పోయాక నలభై ఏళ్ళు ఎవరితోనూ మాట్లాడని ఆ తెలుగును నా కోసం మళ్ళీ బయటికి తీసింది. మాట మాటకీ ఆగి వెతుక్కునేది. దొరక్కపోతే స్టీరింగ్ మీద వేలితో కొట్టేది, దొరికితే నవ్వేది. మా ఊళ్ళో ముసలివాళ్ళు కూడా మర్చిపోయిన మాటలు కొన్ని ఆమె దగ్గర ఉండేవి.

మా ఆఫీసులో ఆమె పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఇంకో ఎనిమిది నెలల్లో అరవై అయిదు నిండుతాయి. ఆ రోజున ఎవరిచేతా ఒక మాట అనిపించుకోకుండా బయటికి నడిచి రావాలి, అంతే ఆమె కోరిక. కూతురి పెళ్ళి అయిపోయింది, ఇల్లు ఉంది, భర్త చాలా ఏళ్ళ క్రితమే పోయాడు. ఇక ఆమెకి కావలసింది ఆ మచ్చలేని పేరు ఒక్కటే.

మా టీమ్ లీడర్ అరిచే మనిషి కాదు. అరిచేవాళ్ళ దగ్గర నేను పనిచేశాను. ఇక్కడికి రాకముందు తెలంగాణలో ఒక మండల కార్యాలయంలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా ఉన్నాను. అక్కడ పెద్దసారు అరిస్తే గోడ అవతల టీ కొట్టుకి వినబడేది. అరిచి, ఫైలు విసిరి, మధ్యాహ్నానికి మర్చిపోయేవాడు. ఈయన అలా కాదు. ఈయన నవ్వుతూ వచ్చి టేబుల్ అంచు మీద కూర్చునేవాడు. పెన్ను మూత పెట్టడం, తీయడం. "నీ మంచికే చెప్తున్నా మేట్," అనేవాడు, స్నేహితుణ్ణి పిలిచినట్టు. ఆ మాట విన్నాక ఆ రోజు చేసిన ప్రతి పనీ రెండుసార్లు సరిచూసుకునేవాణ్ణి.

ఆంటీ టాయిలెట్‌కి వెళ్ళి వస్తే ఈయన గోడ గడియారం వైపు చూసి, "ప్రయాణం బాగా జరిగిందా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పొద్దున నిలబడి చేసే మీటింగులో ఆమె ఏదైనా చెప్పబోతే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "మళ్ళీ చెప్పు, ఈసారి ఇంగ్లీషులో," అనేవాడు. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. మొదటిసారి ఆ నవ్వు దానంతటదే వచ్చింది. తర్వాత తెచ్చుకున్నాను.

ఆమె ఆఫీసులో నీళ్ళు తాగడం మానేసింది. నేను అది చాలా రోజులకి గమనించాను. సాయంత్రం కారెక్కగానే సీటు పక్కన పెట్టుకున్న సీసా ఎత్తి, సగం ఖాళీ అయ్యేదాకా గటగటా తాగేది. ఎందుకలా అని నేనడగలేదు. అడిగితే చెప్పేది. చెప్తే నేను ఏదో ఒకటి చేయాల్సి వచ్చేది.

అక్కడ అందరూ పైవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాలేదు. సార్ అంటే నవ్వుతారు. అందుకని ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేవాణ్ణి. ఆయన ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టేవాణ్ణి. బూట్ల చప్పుడుని బట్టి ఆయన ఎటు వెళ్తున్నాడో తెలిసేది. తల ఎత్తకుండానే తెలిసేది.

నా వీసా ఆ ఉద్యోగానికే కట్టి ఉంది. ఉద్యోగం పోతే నేనూ, నా భార్యా, ఏడేళ్ళ మా అమ్మాయీ ఈ దేశంలో ఉండటానికి వీల్లేదు. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకోవలసిన దరఖాస్తుకి ఆఫీసునుంచి ఒక లెటర్ కావాలి. దాని మీద టీమ్ లీడర్ సంతకం ఉండాలి. ఆ లెటర్ టైపు చేసి ఇచ్చి అయిదు వారాలు అయింది. "చూద్దాం మేట్," అన్నాడు మొదటిసారి. "నా టేబుల్ మీదే ఉంది," అన్నాడు రెండోసారి. మూడోసారి నేనడగలేదు.

ఇక ఆ దరఖాస్తుల సంగతి. మాది గవర్నమెంటు ఆఫీసు, జనం మాకు పెట్టుకునే దరఖాస్తులకి ఇన్ని రోజుల్లో జవాబు వెళ్ళాలని గడువు ఉంటుంది. ఒక నెలాఖరున వేరే ఆఫీసునుంచి ఒక కట్ట వచ్చింది. అన్నీ అప్పటికే గడువు దాటినవి. అవి కంప్యూటర్లో ఎక్కితే ఆ నెల రిపోర్టులో మా టీమ్ వెనకబడినట్టు కనిపిస్తుంది. నేను ప్రింటర్ దగ్గర కాయితాలు సర్దుతున్నాను. ఆయన ఆంటీ టేబుల్ అంచు మీద కూర్చుని, "ఇవి ఇప్పుడే ఎక్కించకు. పక్కన పెట్టు. నేను చెప్పినప్పుడు చేద్దువు," అన్నాడు. ఆమె, "సరే, కానీ ఒక ఈమెయిల్ పెట్టండి," అంది. ఆయన నవ్వాడు. "పందొమ్మిదేళ్ళుగా ఉన్నావు, నీకు ఈమెయిల్ ఎందుకు?"

ఆయన మళ్ళీ చెప్పలేదు. ఆమె రెండుసార్లు గుర్తు చేసింది. రెండోసారి, "నన్ను తొందరపెడుతున్నావా?" అన్నాడట. దాంతో ఆమె ఊరుకుంది. ఆ దరఖాస్తుదారుల్లో ఒకరు పైకి ఫిర్యాదు చేశారు. పైనుంచి ప్రశ్న వచ్చింది. కట్ట ఆమె సొరుగులో దొరికింది.

ఇదంతా నాకు తెలుసు. అందుకే ఆ పొద్దున కారులో ఆమె నన్ను అడిగింది.

"యూనియన్ వాళ్ళని అడిగావా ఆంటీ?" అన్నాను.

"యూనియన్ మనిషి వస్తే గొడవ పెట్టుకుందామని వచ్చింది అంటారు. నాకు గొడవ వద్దు. నువ్వు మన మనిషివి. నువ్వు విన్నది చెప్పు, చాలు."

"వస్తాను," అన్నాను. ఆమె నా భుజం తట్టి కారు కదిలించింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని దారిలో రెండు సిగ్నళ్ళ దగ్గర నోరు తెరిచాను.

బుధవారం మధ్యాహ్నం ఆయన నన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు సగం తెరిచే ఉంచాడు.

"నీ లెటర్ చూశాను. బాగుంది. రేపు సాయంత్రం సంతకం పెట్టేద్దాం అనుకుంటున్నా."

"థాంక్యూ," అన్నాను.

"అన్నట్టు, రేపు పొద్దున నువ్వు ఆవిడ పక్కన కూర్చుంటున్నావట."

"అవును."

"మంచి పని. పెద్దావిడ, ధైర్యం చెప్పే మనిషి ఉండాలి." పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "పక్కన కూర్చునేవాళ్ళ పని అదే మేట్. ధైర్యం చెప్పడం. కొంతమంది అదేదో కోర్టు అనుకుంటారు."

నేను బయటికి వచ్చి నేరుగా టాయిలెట్‌కి వెళ్ళి గడియ పెట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో ఆయన చూస్తూ ఉంటాడని గుర్తొచ్చి బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో నా భార్య వంకాయలు కోస్తోంది. నా మొఖం చూసి కత్తి కింద పెట్టింది.

"ఏమైంది? అట్లున్నవేంది?"

చెప్పాను. ఆమె చివరిదాకా విని, "అయితే నువ్వు పోయి కూసో. నోరు తెరవకు," అంది.

"ఆమె నన్ను రమ్మన్నదే నోరు తెరవమని."

"నిజం ఆమె చెప్పుకుంటది. నువ్వు పక్కన ఉంటే సాలు. సంతకం అయిన తెల్లారి ఏమన్న చెప్పుకో."

"తెల్లారి చెప్తే ఎవరింటరు?"

"మరి బిడ్డను తీసుకొని ఎటు పోదాం? నువ్వే చెప్పు." ఆమె గొంతు పెరిగింది. కోపం కాదది. మా అమ్మాయి ముందు గదిలోంచి ఇంగ్లీషులో, మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారా అని అడిగింది. లేదన్నాం, ఇద్దరం ఒకేసారి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు అది చాలా తెలివైనదిగా కనిపించింది. మా మండల కార్యాలయంలో ఎవరి మీదన్నా పెద్దసారుకి కోపం వస్తే, వాళ్ళ పక్కన ఇంకొకడు వెళ్ళి నిలబడేవాడు. "సారూ, తప్పైంది, పెద్దమనిషి, ఈసారికి వదిలేయండి" అనేవాడు. తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు. సారుకి మర్యాద దక్కుతుంది, మనిషికి ఉద్యోగం దక్కుతుంది. నేనే ముగ్గురి కోసం అలా వెళ్ళాను. మూడుసార్లూ పనిచేసింది. సారు అరిచాడు, మేం తల వంచుకున్నాం, బయటికి వచ్చి టీ తాగాం. ఇక్కడా అలాగే చేస్తే ఆంటీ ఉద్యోగం ఉంటుంది, నా లెటరూ ఉంటుంది అనుకున్నాను. ఆ రాత్రి ఈ ఆలోచన వల్లే నాకు నిద్ర పట్టింది.

గురువారం పదింటికి ఆ గదిలో నలుగురం. ఆయన, మానవ వనరుల విభాగంనుంచి వచ్చిన ఒకామె, ఆంటీ, నేను. ఆ ఆఫీసరమ్మ ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. మర్యాదగానే ఉంది. బల్ల మధ్యలో నీళ్ళ జగ్గు, టిష్యూ డబ్బా. ఆంటీ ఇస్త్రీ చేసిన లేత నీలం చొక్కా వేసుకుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఆఫీసరమ్మ గ్లాసులో నీళ్ళు పోసి ముందుకు జరిపితే వద్దంది.

కట్ట సంగతి అడిగారు. ఆంటీ నెమ్మదిగా, తడబడకుండా చెప్పింది. "పక్కన పెట్టమని ఈయనే చెప్పారు. ఈమెయిల్ అడిగాను. ఇవ్వలేదు."

ఆయన ఆశ్చర్యపోయినట్టు వెనక్కి వాలాడు. "నేనా? నాకు గుర్తు లేదు. ఎవరైనా విన్నారా?"

నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఆంటీ మాత్రం తల తిప్పి నన్ను చూసింది. ఆఫీసరమ్మ కూడా చూసింది. ఏసీ చప్పుడు వినబడుతోంది. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. అవి ఇంగ్లీషులో వరుసగా నా తలలో ఉన్నాయి కూడా.

నేను అన్నది వేరు. "ఆవిడ పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నారు. పెద్దావిడ. ఏదైనా పొరపాటు జరిగి ఉంటే ఆవిడ క్షమాపణ కోరుతున్నారు. మళ్ళీ జరగదు. దయచేసి ఈసారికి వదిలేయండి."

ఆఫీసరమ్మ వేళ్ళు టకటకా కదిలాయి. నేను చెప్పిన ప్రతి మాటా ఎక్కించింది. ఎక్కించి, ఆగి, ఆంటీని అడిగింది. "ఇది మీ మాటేనా? మీరు ఒప్పుకుంటున్నారా?"

ఆంటీ నన్ను చూస్తూనే ఉంది. ఆ చూపులో కోపం లేదు. లెక్క అర్థంకాని పిల్ల టీచర్ని చూసినట్టు చూసింది. నేను చదువుకున్నవాణ్ణి, కాయితాల సంగతి తెలిసినవాణ్ణి. ఇలా అనడంలో తనకి తెలియని లాభమేదో ఉండి ఉంటుందని అనుకుంది. నన్ను నమ్మింది.

"యెస్," అంది.

ఇక్కడ ఎవరూ అరవలేదు. అరవకపోవడంతోనే నాకు అర్థమైంది, నేనేదో చేయకూడనిది చేశానని. మా ఊళ్ళో క్షమాపణ చెప్తే విషయం అక్కడితో ముగుస్తుంది. ఇక్కడ అక్కడే మొదలైంది. ఒప్పుకోలు కాయితం మీద పడింది. వారం తిరక్కుండా ఆంటీకి ఆఖరి హెచ్చరిక వచ్చింది. అందులో, ఉద్యోగి తన తప్పును అంగీకరించారు, తోడు వచ్చిన వ్యక్తి కూడా దాన్ని ధ్రువీకరించారు అని రాసి ఉంది. ఆమె టేబుల్‌ని ఆయన గది అద్దాల గోడకి ఎదురుగా మార్చారు.

నా లెటర్ మీద మాత్రం గురువారం సాయంత్రమే సంతకం అయింది. ఆయన దాన్ని స్వయంగా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఆల్ ది బెస్ట్ మేట్," అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. లేచి నిలబడి చెప్పాను.

ఆ తర్వాత కూడా తొమ్మిది పనిరోజులు ఆంటీ నన్ను స్టేషన్ దగ్గర ఎక్కించుకుంది. ఆ తొమ్మిది రోజుల్లో నేను పడిన భయం ఆయన దగ్గర కూడా పడలేదు. ఇవాళ అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ప్రతి మలుపు దగ్గరా ఎదురుచూసేవాణ్ణి. ఆమె వాన గురించి మాట్లాడింది. మనవడికి పళ్ళు వస్తున్న సంగతి చెప్పింది. పదో రోజు ఆమె రాలేదు. రాజీనామా ఈమెయిల్‌లో పంపిందని పొద్దున మీటింగులో తెలిసింది. ఆయన, "ఆమె తన కుటుంబంతో గడపాలనుకుంటోంది," అన్నాడు. ఎవరో అయ్యో అన్నారు. వీడ్కోలు కార్డు కొనే మాట ఎవరూ ఎత్తలేదు.

నేను ఆమె ఇంటికి వెళ్ళడానికి అయిదు వారాలు పట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. తలుపు తీసి, "అరే బాబు, చిక్కిపోయావు," అంది. పప్పు, మన చేమాకులాంటి టారో ఆకుల కూర పెట్టింది. నేను తినలేక కలుపుతూ కూర్చున్నాను.

"ఆంటీ, ఆ రోజు నేను..."

"తిను ముందు."

"నేను విన్నాను. విన్నాననే చెప్పాల్సింది."

ఆమె నా ఎదురుగా కూర్చుంది. మాట వెతుక్కుంది. వేలితో బల్ల మీద కొట్టింది.

"నీకు భయం వేసింది," అంది. "నాకు తెలుసు. నాకూ భయమే వేసింది. అందుకే నిన్ను రమ్మన్నాను."

"కోపం లేదా?"

"ఉంది," అంది. వెంటనే అంది. "ఎందుకు లేదు? నేను ఎప్పుడూ తప్పు చేయలేదు. ఇప్పుడు కాయితంలో చేశాను అని ఉంది. నేను చచ్చినా అది ఉంటుంది. గవర్నమెంటు కాయితం కదా." కొంచెం ఆగి, "పెరుగు వేసుకో," అంది.

నేను చేయగలిగింది ఉందని నాకు ఆ రోజే తెలుసు. జరిగింది రాసి, ఆయన పైవాళ్ళకి పంపవచ్చు. కానీ అప్పటికి నా దరఖాస్తు లోపలికి వెళ్ళింది, జవాబు రాలేదు. మధ్యలో ఎప్పుడైనా వీసా వాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేసి నా గురించి అడగవచ్చని తెలిసినవాళ్ళు చెప్పారు. ఫోన్ ఎత్తేది ఆయనే. జవాబు వచ్చాక రాద్దాం అనుకున్నాను. ఆంటీతో ఆ మాట అనలేదు. ఆమె కూడా అడగలేదు.

జవాబు రాకముందే జులైలో ఆమె పోయింది. పొద్దున లేవలేదు, గుండె అన్నారు. ఆఫీసు వల్లే పోయిందని నేను రాయను. నాకు తెలియదు. అలా రాస్తే బాగుంటుంది కాబట్టి రాయడం నాకు ఇష్టం లేదు. నీళ్ళు తాగకుండా గడిపిన రోజులు మాత్రం నాకు తెలుసు.

శ్మశానవాటిక హాల్లో నేను వెనక వరసలో నిలబడ్డాను. ఆఫీసునుంచి ఇద్దరం వచ్చాం. ఆయన పూలు పంపాడు, పూల మీద టీమ్ పేరు ఉంది. అయిపోయాక బయట అందరికీ టీ ఇస్తున్నారు. ఆమె కూతురు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, స్కూల్లో టీచర్. తెలుగు ఒక్క ముక్క రాదు. నన్ను భయ్యా అని పిలిచి, తర్వాత అంతా ఇంగ్లీషులో మాట్లాడింది.

"భయ్యా, ఒకటి అడగనా? మీరు ఆ రోజు ఆ గదిలో ఉన్నారట కదా."

"ఉన్నాను."

"ఆ హెచ్చరిక ఉత్తరం అమ్మ బీరువాలో దొరికింది. అమ్మ నిజంగా ఆ పని చేసిందా?"

చుట్టూ జనం కప్పులు పట్టుకుని ఉన్నారు. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. అవునంటే నమ్మేది. ఉత్తరంలో అదే ఉంది, తల్లి కూడా లేదు.

"లేదు," అన్నాను. "ఆయన చెప్తే చేసింది. నేను విన్నాను."

ఆమె కప్పు కింద పెట్టింది. "మరి ఎందుకు ఒప్పుకుంది?"

"నేను చెప్పబట్టి."

ఆమె కింద పెట్టిన కప్పును పక్కకి జరిపింది. తర్వాత, "ఈ మాట నాకు రాసి ఇస్తారా?" అంది.

ఆదివారం పొద్దున మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. ఒక పేజీ పట్టింది. ప్రింటర్ దగ్గర నిలబడి విన్నది, బుధవారం ఆయన గదిలో జరిగింది, గురువారం నేను అన్నది, ఎందుకు అన్నది. బాధ గురించి ఒక వాక్యం రాసి కొట్టేశాను. అది వాళ్ళకి అక్కర్లేదు. నా భార్య వెనక నిలబడి చదివింది. రెండోసారి చదివి, "ఆయన పెన్ను మూత సంగతి ఎందుకు, తీసెయ్. మిగతాది ఉంచు," అంది. ఆమె చేతులు కూడా చల్లగా ఉన్నాయి.

ఒక కాపీ ఆంటీ కూతురికి, ఒకటి ఆయన పైన ఉన్న మేనేజరుకి పంపాను. మేనేజరుకి పంపే బటన్ సోమవారం ఆఫీసులో నా టేబుల్ దగ్గరే నొక్కాను. ఇంటినుంచి పంపితే భయపడి మధ్యలో ఆపేస్తానేమోనని. నొక్కిన తర్వాత చొక్కా వీపుకి అంటుకుపోయింది. అద్దం అవతల ఆయన ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. ఆ రోజంతా నేను లేవలేదు. మంచినీళ్ళకి కూడా లేవలేదు.

ఆ తర్వాతి పదకొండు వారాలు దాని మీద విచారణ జరిగింది. నన్ను రెండుసార్లు పిలిచారు. యూనియన్ మనిషి నా పక్కన కూర్చుంది. నేను చెప్పిందే మళ్ళీ చెప్పాను. "అప్పుడు అబద్ధం చెప్పి ఇప్పుడు నిజం చెప్తున్నారని ఎందుకు నమ్మాలి?" అని అడిగారు. సరైన ప్రశ్నే. "ఇది చెప్తే నాకు నష్టమే కాబట్టి," అన్నాను. యూనియన్ మనిషి నా మోచెయ్యి పట్టుకుంది, ఇక చాలన్నట్టు. ప్రింటర్ అవతలి టేబుల్ దగ్గర ఆ రోజు ఇంకో అమ్మాయి కూడా ఉందని తర్వాత తెలిసింది. ఆమె కూడా విన్నది. ఆమెకీ అప్పుడు వీసా మీదే ఉద్యోగం. నా తర్వాత ఆమె వెళ్ళి చెప్పింది.

చివరికి ఆంటీ కూతురికి ఉత్తరం వచ్చింది. హెచ్చరికను రద్దు చేశామని, రికార్డులోంచి తొలగించామని, చింతిస్తున్నామని. ఆమె దాన్ని ఫొటో తీసి నాకు పంపింది. కింద ఏమీ రాయలేదు. నేనూ ఏమీ రాయలేదు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు.

ఆయన్ని ఊరికి అవతల హెండర్సన్ వైపు ఇంకో ఆఫీసుకి మార్చారు. అది శిక్షా, మామూలు బదిలీనా అని మాలో మేం కొన్నాళ్ళు మాట్లాడుకున్నాం. మా దరఖాస్తుకి ఆ వేసవిలో అనుమతి వచ్చింది. ఆ సాయంత్రం నా భార్య సేమియా పాయసం చేసింది. నేను తిన్నాను.

నేను ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. కొత్త టీమ్ లీడర్ మంచి మనిషి. టీ పెట్టుకుంటుంటే మాకూ అడుగుతుంది, పండగలకి సెలవు అడగకముందే ఇస్తుంది. మొదట్లో ఆమె మా టేబుళ్ళ దగ్గరికి వచ్చి, ఇది కాస్త చూస్తారా, అది తర్వాత చేద్దాం అని మామూలుగా అనేది. మేం తల ఊపి, ఈమెయిల్ వచ్చేదాకా చేతులు కదపకుండా కూర్చునేవాళ్ళం. ఆమెకి అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది. ఒకసారి కొంచెం నొచ్చుకున్నట్టే, "నన్ను నమ్మరా?" అంది. ఎవరికి వాళ్ళం స్క్రీన్ల వైపు తిరిగాం. మా టీమ్‌లో ఇప్పుడు నోటిమాట మీద ఎవరమూ ఏ పనీ చేయం.